తుప్పు వయసు చెప్పదు: పాత కారులో అసలు బోల్టు ఏది, మార్చింది ఏది

గోదావరి జిల్లాల్లో పాత కారు ఒకటి బయటపడితే మొదట జరిగే పని చాలాచోట్ల ఒకేలా ఉంటుంది. కొబ్బరితోటలో రేకుల షెడ్డు కిందో, మూతపడ్డ రైస్ మిల్లు గోడౌన్‌లోనో ఏళ్ల తరబడి నిలబడిపోయిన ల్యాండ్‌మాస్టరో, మార్క్ 1 అంబాసిడరో, డుక్కర్ ఫియటో, సైన్యం వేలంలో అమ్మేసిన డిస్పోజల్ జీపో దొరుకుతుంది, దాన్ని లారీ ఎక్కించి మెకానిక్ దగ్గరికి తెస్తారు, రెండు మూడు రోజుల్లో మొత్తం ఊడదీసి నట్లూ బోల్టులూ అన్నీ ఒకే డబ్బాలో వేసి కిరసనాయిల్ పోస్తారు. నానాక బాగా తుప్పు పట్టినవి పాత ఇనుము కొట్టుకి పోతాయి. కాస్త మెరుస్తున్నవి మళ్లీ వాడుకోవడానికి పక్కన పెడతారు. తక్కువైనవి బజార్లో కొత్తవి కొంటారు.

ఈ పనితో ఆ కారు గురించి తెలుసుకోగలిగినదాంట్లో సగం అక్కడే పోతుంది. పారేసిన తుప్పు బోల్టుల్లో ఫ్యాక్టరీలో బిగించినవి ఉండొచ్చు, దాచుకున్న మెరిసేవి పాతికేళ్ల కింద ఎవరో మిల్లు సామాన్ల కొట్లో కొన్నవి కావచ్చు, దీనికి తలకిందులుగా కూడా ఉండొచ్చు. ఒకసారి డబ్బాలో కలిశాక ఏది ఎక్కడినుంచి వచ్చిందో ఎవరూ చెప్పలేరు.

డెల్టాలో ఈ సమస్య మామూలుకంటే ఎక్కువ. పొడి ఊళ్లలో తుప్పును బట్టి వయసు సుమారుగా ఊహించొచ్చేమో గానీ కాకినాడ, అంతర్వేది, నరసాపురం వైపు ఉప్పుగాలి, భీమవరం చుట్టూ రొయ్యల చెరువుల తేమ, ఏడాదిలో చాలా నెలలు ఆరని గాలి, ఇవన్నీ కలిసి చవకరకం జింకు పూత ఉన్న కొత్త బోల్టుని కొద్ది సంవత్సరాల్లోనే వందేళ్ల దానిలా చేసేస్తాయి. అదే కారులో గేర్‌బాక్స్ పక్కన ఆయిలు కారి కారి గ్రీజు, మట్టి కలిసి గట్టిగా పేరుకుపోయిన చోట అరవై ఏళ్ల నాటి ఫ్యాక్టరీ బోల్టు మీద పూత కూడా చెక్కుచెదరకుండా ఉంటుంది. ఆ ముద్దను గీకి తీస్తే లోపల బోల్టు నిన్న బిగించినట్టు కనిపిస్తుంది. చూసినవాళ్లు ‘ఇది ఎవరో ఈమధ్య మార్చారు’ అనుకుని పక్కన పడేస్తారు. కాబట్టి ఇక్కడి కార్ల విషయంలో తుప్పును సాక్ష్యంగా తీసుకోవడం మానేయాలి. మర (బోల్టు చుట్టూ తిరిగే గాడి, అంటే థ్రెడ్) ఏ రకం, తల ఏ ఆకారం, తల మీద ఏ మార్కు, ఏ పూత, అది కూర్చున్న రంధ్రం ఎలా ఉంది, దాని తోటి బోల్టులు ఎలా ఉన్నాయి అన్నవి అడగాలి, ఆ జవాబులన్నీ ఒకే వైపు చూపిస్తేనే నమ్మాలి.

ఇక్కడి కార్లలో అసలు ఎలాంటి బోల్టులు వచ్చి చేరాయో తెలియాలంటే అవి ఎలా బతికాయో గుర్తు తెచ్చుకోవాలి. డెల్టా కారు ప్రదర్శనకి పెట్టిన కారు కాదు. ధాన్యం లెక్కలు చూసుకోవడానికి మిల్లుకి తిరిగింది, పెళ్లిళ్లకి తిరిగింది, టాక్సీగా తిరిగింది, సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి నది దాటింది. పొద్దున విరిగినది సాయంత్రానికి నడవాలి. కంపెనీ బోల్టు మద్రాసు నుంచో విజయవాడ నుంచో వచ్చేదాకా ఆగే ఓపిక ఎవరికీ లేదు. దగ్గర్లో ఉన్నది లేతు షాపు, మిల్లు సామాన్ల కొట్టు, పడవల సామాన్ల కొట్టు. రైస్ మిల్లులూ, ఆయిల్ ఇంజిన్లూ పాత రోజుల్లో ఎక్కువగా విట్‌వర్త్ అనే పాత బ్రిటిష్ మరతోనే నడిచేవి, అందుకే ఇక్కడి పాత కార్లలో ఫ్యాక్టరీ ఎప్పుడూ వాడని చోట విట్‌వర్త్ బోల్టు కనిపించడం మామూలే. అలాగే ఇత్తడి బోల్టు, అడుగున పడవలకి వాడేలాంటి పెద్ద వాషరు, లేతు మీద కోసిన స్టడ్డు (తల లేని బోల్టు). వీటిని చూస్తే కారు ఏ ఊళ్లో, ఎవరి చేతిలో బతికిందో చాలావరకు తెలుస్తుంది.

అన్నిటికంటే గట్టి సాక్ష్యం మర. పూత గీకేయొచ్చు, తలను అరగదీయొచ్చు, మరను మాత్రం ఎవరూ ఊరికే మార్చరు. దీనికి కావలసినవి మందం కొలిచే వెర్నియర్ ఒకటి, పళ్లున్న ఆకులను మర మీద పెట్టి పోల్చి చూసే థ్రెడ్ గేజి ఒకటి, అంతే. థ్రెడ్ గేజిలో అంగుళాల ఆకులు, మిల్లీమీటర్ ఆకులు రెండూ ఉండాలి, అంగుళాల వాటిలో 55 డిగ్రీల పంటి కోణం ఉన్నవీ 60 డిగ్రీలవీ విడిగా ఉండాలి. బజార్లో దొరికే చవక గేజిల్లో తరచూ ఒక్క రకమే ఉంటుంది, దాంతో కొలిస్తే విట్‌వర్త్‌కీ అమెరికా మరకీ తేడా అందదు.

బ్రిటిష్ పాత మరలు బీఎస్‌డబ్ల్యూ (ముతక విట్‌వర్త్ మర), బీఎస్‌ఎఫ్ (సన్న మర) రెండూ 55 డిగ్రీల కోణంతో ఉంటాయి. జోసెఫ్ విట్‌వర్త్ 1841లో ప్రతిపాదించిన పద్ధతి అది. మీటర్లు, స్విచ్‌లు, లూకాస్ అనే ఇంగ్లండ్ కంపెనీ కరెంటు సామాన్ల లోపలి చిన్న స్క్రూలకి బీఏ అనే ఇంకో మర ఉంది, దాని కోణం 47.5 డిగ్రీలు. 1948లో అమెరికా, బ్రిటన్, కెనడా కలిసి ఒప్పుకున్న యూనిఫైడ్ మరలు, అంటే యూఎన్‌సీ (ముతక), యూఎన్‌ఎఫ్ (సన్న), 60 డిగ్రీలవి. మిల్లీమీటర్ మర కూడా 60 డిగ్రీలే. తారీఖు పెట్టడానికి ఇక్కడే ఒక మంచి ఆధారం దొరుకుతుంది. 1930ల నాటి ఇంగ్లీషు కారులో యూఎన్‌ఎఫ్ బోల్టు ఉంటే అది చాలావరకు తర్వాత వచ్చిందే. అంబాసిడర్‌లో 1489 సీసీ ఓవర్‌హెడ్ వాల్వ్ ఇంజిన్ బీఎంసీ అనే బ్రిటిష్ కంపెనీ వాళ్ల బీ-సిరీస్, అది యూఎన్‌ఎఫ్ కాలం నాటిది, కాబట్టి దాని ఇంజిన్ మీద 8 మిల్లీమీటర్ బోల్టు కనిపిస్తే ఎవరో పెట్టిందే. అదే 1990ల మొదట్లో వచ్చిన ఇసుజు 1800 ఇంజిన్ అంబాసిడర్ అయితే కథ మారుతుంది, అక్కడ ఇంజిన్ జపాన్ డిజైను కాబట్టి మిల్లీమీటర్ మర, మిగతా బండి పాత అంగుళాల మర, రెండూ ఒకే కారులో అసలువే. ఇది తెలియని మనిషి ఇసుజు కారు విప్పితే సగం బోల్టులు మార్చేశారని పొరబడతాడు.

అందరినీ తికమకపెట్టేది హిందుస్థాన్ 10. అది మోరిస్ టెన్ అనే ఇంగ్లండ్ కారుకి మన దేశపు రూపం, ఉత్తరపారా ఫ్యాక్టరీ తొలి రోజుల కారు. దాని ఇంజిన్ బోల్టులకి విట్‌వర్త్ పానా సరిగ్గా పడుతుంది, అందుకని మర కూడా విట్‌వర్తే అనుకుంటారు. కాదు. మర మిల్లీమీటర్‌ది. మోరిస్ వాళ్లు 1923లో కొన్న కావెంట్రీ ఇంజిన్ ఫ్యాక్టరీ అంతకుముందు హాచ్‌కిస్ అనే ఫ్రెంచి కంపెనీది, మిషన్లన్నీ మెట్రిక్ కొలతలవి, వాటిని మార్చకుండా మర మిల్లీమీటర్లోనే ఉంచి, ఇంగ్లండ్ మెకానిక్‌ల దగ్గరున్న పానాలు పట్టేలా తలలు మాత్రం విట్‌వర్త్ సైజులో పెట్టారు. పైగా ఆ 8 మిల్లీమీటర్ బోల్టుకి మరకీ మరకీ మధ్య దూరం 1 మిల్లీమీటర్, ఇప్పుడు బజార్లో మామూలుగా దొరికే 8 మిల్లీమీటర్ బోల్టుకి 1.25.

దీనివల్ల జరిగే నష్టం లెక్కతో చూస్తే బాగా అర్థమవుతుంది. 5/16 అంగుళాల యూఎన్‌ఎఫ్ బోల్టు మందం 7.94 మిల్లీమీటర్లు, అంగుళానికి 24 మరలు, అంటే మరకీ మరకీ 1.058 మిల్లీమీటర్లు. హిందుస్థాన్ 10 ఇంజిన్ రంధ్రంలో దీన్ని పెడితే మొదటి రెండు మూడు చుట్లు చేత్తోనే తిరుగుతుంది. సరిపోయిందనుకుంటారు. ఎనిమిది చుట్లు తిరిగేసరికి తేడా దాదాపు అర మిల్లీమీటర్ అవుతుంది, బిగుసుకుంటుంది, బిగుసుకుంటోంది కదా అని పానాకి పైపు తొడిగి ఇంకా తిప్పుతారు, ఇనుప బ్లాకులో మర నలిగిపోతుంది. తర్వాత వచ్చినవాడు అక్కడ పెద్ద రంధ్రం వేసి 3/8 ట్యాప్ కొట్టి కొత్త మర కోస్తాడు. పాత ఇంజిన్ బ్లాకు మీద ఒకే వరసలో ఉండాల్సిన బోల్టుల్లో ఒకటి మాత్రం లావుగా ఉంటే దాని వెనక కథ తరచూ ఇలాంటిదే.

బీఎస్‌డబ్ల్యూ, యూఎన్‌సీ జంట ఇంకో రకం ప్రమాదం. 1/4 అంగుళం బోల్టుకి రెండింటిలోనూ అంగుళానికి 20 మరలు, 5/16కి రెండింటిలోనూ 18, 3/8కి రెండింటిలోనూ 16. కోణం మాత్రమే తేడా. ఒకదానిలో ఒకటి అడ్డం చెప్పకుండా దూరిపోతాయి, బిగుస్తాయి కూడా. అర అంగుళం దగ్గర మాత్రమే విడిపోతాయి, విట్‌వర్త్‌కి 12, యూఎన్‌సీకి 13. అందుకే జీపుల్లో మిల్లు సామాన్ల కొట్టు నుంచి వచ్చిన విట్‌వర్త్ బోల్టులు ఎన్నో ఏళ్లు ఎవరికీ తెలియకుండా ఉండిపోతాయి. చేతికి దొరకని తేడా ఇది, గేజి ఆకు పెట్టి వెలుతురుకి ఎదురుగా పట్టుకుని చూడాల్సిందే. మర మొన ఆకుతో పూర్తిగా అతుక్కుందా, సందులోంచి వెలుగు వస్తోందా అన్నది చూస్తే తేలిపోతుంది.

తల సైజు కూడా కొంత చెబుతుంది. విట్‌వర్త్ పానా మీద ఉండే అంకె బోల్టు మందాన్ని చెబుతుంది, తల వెడల్పును కాదు. 1/4 విట్‌వర్త్ పానా నోరు 13.3 మిల్లీమీటర్లు ఉంటుంది. 5/16 యూఎన్‌ఎఫ్ బోల్టు తల 12.7. ఇప్పుడు ప్రతి షెడ్డులో ఉండే 13 పానా ఒకదానికి వదులు, ఒకదానికి బిగువు. వదులుగా ఉన్నచోట మూలలు గుండ్రంగా అరిగిపోతాయి, బిగువుగా ఉన్నచోట సుత్తితో కొట్టి ఎక్కిస్తే పక్కలు చెక్కుకుపోతాయి. అలా అరిగిన బోల్టు పాపం చాలాసార్లు అసలుదే. మూలలు పోయాయని దాన్ని పారేసి, మూలలు పదునుగా ఉన్న మార్పిడి బోల్టుని ఉంచుకోవడం మామూలుగా జరిగే తప్పు. దెబ్బలు తిన్న బోల్టు అక్కడ ఎక్కువ కాలం ఉందన్నదానికి ఒక సూచన, చాలామంది చేతులు దాని మీద పడ్డాయి మరి.

తల మీద మార్కులు చదవడం వస్తే పని చాలా తేలికవుతుంది. 8.8, 10.9 లాంటి బలాన్ని చెప్పే అంకెలు ఉంటే అది మిల్లీమీటర్ బోల్టు, ఆ అంకెల పద్ధతి 1960ల నుంచి వ్యాప్తిలోకి వచ్చింది, కాబట్టి 1950ల నాటి కారులో అది అసలుది కాదు. అంతకుముందు జర్మన్ బోల్టుల మీద 8జీ, 10కే లాంటి గుర్తులు ఉండేవి. అమెరికా పద్ధతిలో తల మీద మూడు గీతలుంటే గ్రేడ్ 5, ఆరుంటే గ్రేడ్ 8. బ్రిటిష్ యూనిఫైడ్ బోల్టులకి తల మధ్యలో గుండ్రంగా లోతు తక్కువ గుంట ఉంటుంది, లేదంటే పక్క ముఖం మీద ఒకదానికొకటి తగులుతున్న చిన్న వృత్తాలు ఉంటాయి, నట్ల మీద కూడా ఈ వృత్తాల వరస కనిపిస్తుంది. తల మీద టీవీఎస్ అని ఉంటే అది సుందరం ఫాస్టెనర్స్ బోల్టు, ఆ కంపెనీ 1960ల్లో మొదలైంది, కాబట్టి 1956 ల్యాండ్‌మాస్టర్‌లో ఆ బోల్టు ఉంటే తర్వాత వేసిందే. అలాగని నాసిరకం అనుకోనక్కర్లేదు, మంచి బోల్టే, ఆ కారు పుట్టినప్పటిది కాదు అంతే.

జీపుల దగ్గర ఈ మార్కుల విద్య బాగా పనికొస్తుంది. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక సైన్యం వేలంలో అమ్మేసిన జీపులు చాలా జిల్లాలకి చేరాయి, వాటిలో విల్లిస్ ఎంబీ, ఫోర్డ్ జీపీడబ్ల్యూ రెండూ ఉన్నాయి. పైకి రెండూ ఒకటే. ఫోర్డ్ తన జీపులో బోల్టు తలల మీద కూడా ‘ఎఫ్’ అక్షరం అచ్చు వేసింది. ఛాసిస్ ముందు అడ్డు బద్దీ గుండ్రటి గొట్టంలా ఉంటే విల్లిస్, బోర్లించిన యు ఆకారపు చానెల్‌లా ఉంటే ఫోర్డ్. ఛాసిస్ ఫోర్డ్‌ది అయి ఉండి ఒక్క ఎఫ్ బోల్టు కూడా కనిపించకపోతే ఆ బండి పూర్తిగా ఒకసారి విప్పి బిగించిందన్నమాట. విల్లిస్ ఛాసిస్ మీద ఎఫ్ బోల్టులు గుంపుగా కనిపిస్తే రెండు బండ్లు కలిపి ఒకటి చేశారన్న అనుమానం రావాలి, ఇది డిస్పోజల్ బండ్లలో మామూలు సంగతి. ఇంకో హెచ్చరిక కూడా ఉంది, ఎఫ్ తల బోల్టులు ఇప్పుడు కొత్తగా తయారుచేసి అమ్ముతున్నారు, అంచులు మరీ పదునుగా, అక్షరం మరీ నీటుగా, అన్నీ ఒకే అచ్చులోంచి వచ్చినట్టు ఉంటే ఆగి ఆలోచించాలి. జీపు మరలు అమెరికా పద్ధతివి, వాటికి ఇప్పటి యూఎన్‌ఎఫ్, యూఎన్‌సీ బోల్టులు చక్కగా సరిపోతాయి, కాబట్టి మరను చూసి జీపు బోల్టు కాలం చెప్పడం కుదరదు. తల ఒక్కటే దారి.

స్క్రూల సంగతి చిన్నదే కానీ తరచూ బోల్తా కొట్టిస్తుంది. మనం స్టార్ స్క్రూ అనే ఫిలిప్స్ స్క్రూ 1930ల మధ్యలో అమెరికాలో వాడుకలోకి వచ్చింది. 1928 నుంచి 1931 దాకా వచ్చిన ఫోర్డ్ మోడల్ ఏ కారులో స్టార్ స్క్రూ ఉంటే మార్చిందే. 1950ల కారులో అయితే అనుమానపడక్కర్లేదు. స్టార్ గాడి నాలుగు చేతుల మధ్య సన్నటి గీతలు ఉంటే అది పోజీడ్రైవ్, 1960ల సరుకు. వీటన్నిటికంటే ఆసక్తికరమైనది చదరపు గాడి స్క్రూ. ఫోర్డ్ ఇండియా 1926లో మొదలైనప్పుడు అది ఫోర్డ్ కెనడాకి అనుబంధ కంపెనీ, బ్రిటిష్ సామ్రాజ్యంలో మన దేశానికి ఫోర్డ్ కార్లు కెనడా నుంచే వచ్చేవి. కెనడాలో రాబర్ట్‌సన్ కనిపెట్టిన చదరపు గాడి స్క్రూలను అక్కడి మోడల్ టీ బాడీల్లో వాడారు. పాత మోడల్ టీ చెక్క ఫ్రేములో చదరపు గాడి స్క్రూ కనిపిస్తే ‘ఇదేదో వింత సరుకు, ఎవరో పెట్టారు’ అని పీకేయకండి. అమెరికా కార్ల పుస్తకాలు చూసి పనిచేసేవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు, ఆ పుస్తకాల్లో ఉండే కారు డెట్రాయిట్‌ది, మన ఊరికి వచ్చింది కెనడాది.

పూతలకి వస్తే, 1920ల చివరి వరకు మెరుపు సామాన్ల మీద నికెల్ ఉండేది, ఆ తర్వాత క్రోమ్ వచ్చింది. నికెల్ మెరుపులో కొంచెం పసుపు వెచ్చదనం ఉంటుంది, క్రోమ్‌లో నీలం ఛాయ. రెండింటినీ పక్కపక్కన పెట్టి పగటి వెలుతురులో చూస్తే కొత్తవాళ్లకి కూడా తెలుస్తుంది, ట్యూబులైటు కింద తెలియదు. నట్లూ బోల్టుల మీద పాత బ్రిటిష్ కార్లలో ఎక్కువగా కాడ్మియం, కాస్త మసకగా వెండి రంగు. ఇంద్రధనుస్సు ఛాయలతో పసుపుగా మెరిసే జింకు పూత చాలా తర్వాతి బజారు సరుకు, అది 1950ల బండి మీద కంటికి కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. కాడ్మియం విషం. తీగ బ్రష్‌తో పొడి పొడిగా రుద్దకూడదు, గ్యాస్ మంటతో వేడి చేయకూడదు, ఆ పొగ ఊపిరితిత్తుల్ని దెబ్బతీస్తుంది. బోల్టు బిగుసుకుపోతే మన షెడ్లలో మొదట చేసే పని దాన్ని ఎర్రగా కాల్చడమే కాబట్టి ఈ మాట గట్టిగా చెప్పాల్సి వస్తోంది. నూనె పోసి రెండు మూడు రోజులు వదిలేయండి, గాలి ఆడే చోట పనిచేయండి.

బోల్టు చేతిలో ఉన్నప్పుడు తెలిసేది ఇదంతా. చేతిలోకి రాకముందు, ఇంకా బిగించి ఉన్నప్పుడు తెలిసేది దీనికంటే ఎక్కువ, దాన్నే మనవాళ్లు పూర్తిగా వదిలేస్తున్నారు. ఫ్యాక్టరీలో బాడీకి రంగు వేసేటప్పుడు తలుపు బందుల బోల్టులు చాలాసార్లు బిగించే ఉంటాయి, అంటే తల మీదా చుట్టూ ఉన్న రేకు మీదా ఒకే రంగు పొర పగలకుండా ఉండాలి. తర్వాత విప్పి ఉంటే తల మూలల్లో రంగు చిట్లి ఉంటుంది. ఇక్కడి కార్లకి రెండు మూడు సార్లు రంగు వేయించడం మామూలు కాబట్టి పొరలు లెక్కపెట్టాలి, పనికిరాని మూల చూసుకుని సన్నటి ఎమెరీ కాగితంతో చిన్న రూపాయి బిళ్లంత మేర తడిపి రుద్దితే పొరలు వలయాల్లా బయటపడతాయి. బోల్టు కింద ఎన్ని పొరలున్నాయి, పక్కన ఎన్ని ఉన్నాయి అని పోల్చండి. పక్కన నాలుగుండి వాషరు కింద ఒకటే ఉంటే ఆ బోల్టు మొదటి రంగు తర్వాత కదల్లేదు. వాషరు కింద కూడా నాలుగుంటే దాన్ని చివరి రంగు తర్వాత పెట్టారు. వాషరు చుట్టూ రేకు మీద ఇంకో పెద్ద వాషరు తాలూకు గుండ్రటి మచ్చ ఉంటే పాతది వేరే సైజన్నమాట.

డెల్టాలో మాత్రమే దొరికే ఇంకో సాక్ష్యం ఒండ్రు. 1986 ఆగస్టు గోదావరి వరదల్లో లంక గ్రామాల్లోనూ ఏటిగట్టు పక్క ఊళ్లలోనూ నీళ్లు నిలిచిన షెడ్లలో బండ్లు మునిగాయి, 1996 నవంబరు తుపానుకి కోనసీమ వైపు షెడ్లు కూలి పడ్డాయి. మునిగిన బండి ఛాసిస్ డబ్బా భాగాల్లో, గుమ్మం కింద బోలుగా ఉండే సిల్‌లో సన్నటి ఒండ్రు పొరగా ఎండిపోయి ఉంటుంది. మునిగిన ఏడాది ఇంట్లో ఎవరికైనా గుర్తుంటే ఆ పొర ఒక తారీఖు ముద్రలా పనికొస్తుంది. లోపలి నట్టు ఒండ్రు కింద కప్పబడి ఉంటే అది వరదకంటే ముందుది. ఒండ్రు మీద కొత్త రంధ్రం చేసినప్పుడు పడ్డ ఇనుప రజను కనిపిస్తే బోల్టు వరద తర్వాతది. ప్రెషర్ వాటర్ కొట్టే ముందు టార్చి వేసి ఫోటోలు తీసుకుంటే చాలు, పైసా ఖర్చు లేదు. సర్వీస్ స్టేషన్‌లో కడిగించి తెచ్చిన బండిలో ఈ సాక్ష్యం ఇక ఎప్పటికీ దొరకదు.

బోల్టు ఉండకూడని చోట బోల్టు ఉండటం కూడా ఒక గుర్తే. జీపు ఛాసిస్‌లో ఫ్యాక్టరీ రివిట్లు వేసిన చోట నట్టు బోల్టు ఉంటే అక్కడ ఎప్పుడో అతుకు పడింది. అంబాసిడర్‌కి విడిగా ఛాసిస్ ఉండదు, బాడీయే ఛాసిస్, కాబట్టి దాంట్లో బోల్టులతో పాటు స్పాట్ వెల్డింగ్ చుక్కలు చూడాలి, ఫ్యాక్టరీవి దాదాపు సమాన దూరంలో వరసగా ఉంటాయి, టింకరింగ్ వాళ్లు వేసిన గ్యాస్ వెల్డింగ్ పాములా గీతగా ఉంటుంది. ఛాసిస్ నంబరు ప్లేటును పట్టి ఉంచిన రివిట్ల విషయంలో మరీ జాగ్రత్త. చుట్టూ గీతలు, కొత్త పాప్ రివిట్లు కనిపిస్తే కొనే ముందే ఆర్‌సీ పుస్తకంలోని ఛాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు రెండూ బండి మీద ఉన్న అచ్చుతో సరిచూసుకోవాలి. ఈ ఒక్కచోట బోల్టుల ఆసక్తి దాటి చట్టం దాకా పోతుంది.

కరెంటు సామాన్లలో ఒక దురభిప్రాయం బలంగా నాటుకుపోయింది. ‘మేడ్ ఇన్ ఇంగ్లండ్’ అని ఉంటే అసలు సరుకు, మన దేశం పేరు ఉంటే మార్చిన సరుకు అని. కారు ఏ ఏడాదిది అన్నదాన్ని బట్టి ఇది పూర్తిగా తలకిందులవుతుంది. లూకాస్-టీవీఎస్ మద్రాసులో 1961లో మొదలైంది. 1957 నాటి బండి డైనమో మీద ఆ పేరుంటే అది మార్చిందే. 1968 అంబాసిడర్ మీద ఆ పేరుండటమే సహజం, అక్కడ ఇంగ్లండ్ డైనమో ఉంటే ఎవరో ఇష్టపడి తెచ్చి పెట్టి ఉండొచ్చని అనుమానించాలి. ప్లగ్గుల మీద మైకో పేరు కూడా ఇలాగే, బెంగళూరులో ఆ కంపెనీ 1951లో పుట్టింది. లూకాస్ సామాన్ల మీద పార్ట్ నంబరు పక్కన తయారైన నెల, సంవత్సరం చిన్న అంకెల్లో అచ్చు వేసి ఉంటాయి, రంగు కింద దాగి ఉంటే మెల్లగా తుడిచి చూడాలి. ఆ తేదీ కారు తయారీకంటే కొద్ది నెలలు ముందుంటే సరిగ్గా సరిపోయినట్టు. కారుకంటే తర్వాతి తేదీ అయితే ఇక వాదించడానికేమీ లేదు. అద్దాల మూలన ట్రిప్లెక్స్ అనే అద్దాల కంపెనీ ముద్రలో అక్షరాల కింద ఉండే చుక్కలు కూడా సంవత్సరం చెబుతాయి. మార్క్ 2 గ్రిల్లు మార్క్ 1 అంబాసిడర్‌కి తగిలించడం లాంటివి చూడగానే తెలిసిపోతాయి, వాటి గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు.

ఇంత వెతికి మార్పిడి సామాను ఏదో తేల్చాక దాన్ని ఏం చేయాలన్నది వేరే ప్రశ్న. అన్నీ పీకేసి ఫ్యాక్టరీ రూపానికి తేవాలనే పట్టుదల ఎక్కువమందిలో ఉంటుంది. డెల్టా బండ్ల విషయంలో ఆ పట్టుదల అన్నివేళలా సరైనది కాదు. 1962లో మండపేటలో లేతు మీద చేత్తో కోసిన స్టడ్డు అరవై ఏళ్లుగా తన పని తాను చేస్తుంటే దాన్ని పారేసి మొన్న అచ్చు వేసిన నకలు ‘అసలు’ బోల్టు పెట్టడంలో లాభం ఏమిటి? రెండూ ఫ్యాక్టరీవి కావు, వాటిలో మొదటిదానికి మాత్రం ఈ కారుతో సంబంధం ఉంది. అది పనిచేస్తుంటే, ప్రమాదం లేకపోతే, ఉంచి రాసిపెట్టుకోవడం మంచిది. అసలుది అని చెప్పి అమ్మడం మాత్రం మోసం.

స్టీరింగ్, బ్రేకులు, సస్పెన్షన్ దగ్గర ఈ మోజులేవీ వద్దు. అక్కడ బోల్టు ఎంత అసలుదైనా మెడ దగ్గర సన్నబడినా, మర సాగినా, ఉప్పు తిని గుంటలు పడినా తీసేయాల్సిందే. అదే మర, అదే పొడవు, అంతకు తగ్గని గ్రేడు ఉన్న కొత్తది వేసి పాతదాన్ని దాచండి. కొన్ని పాత ఆకారాలు కూడా పనితోనే ముడిపడి ఉంటాయి, కోటగోడలా గాళ్లున్న నట్టు, అందులోంచి స్ప్లిట్ పిన్ను ఉన్నచోట నైలాన్ రింగు నట్టు పెట్టడం సులువే కానీ 1930ల బండిలో అది కాలానికి సరిపోదు, పైగా పిన్ను కోసం బోల్టుకి వేసిన రంధ్రం అలాగే ఉండి నైలాన్‌ని గీసేస్తుంది.

ఈ లెక్కలకి కాగితం మీద కూడా విలువ ఉంది. 2021లో కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో వింటేజ్ బండ్లకి విడిగా రిజిస్ట్రేషన్ పద్ధతి వచ్చింది, యాభై ఏళ్లు దాటిన టూవీలర్లకీ, కార్లకీ. నంబరులో ‘వీఏ’ అక్షరాలుంటాయి, కొత్త రిజిస్ట్రేషన్ రుసుము 20,000 రూపాయలు, మళ్లీ చేయించుకుంటే 5,000. బండి అసలు రూపంలో ఉండాలి, ఛాసిస్, బాడీ, ఇంజిన్‌లలో పెద్ద మార్పులు ఉండకూడదన్నది షరతు. ఒక బోల్టు మారిందని ఎవరూ ఆపరు కానీ ఛాసిస్ అతుకులు, నంబరు ప్లేటు రివిట్లు, మార్చిన ఇంజిన్ గురించి ప్రశ్న వచ్చినప్పుడు ముందే చూసి, ఫోటో తీసి, కొలిచి రాసుకున్న పుస్తకం చేతిలో ఉంటే ఎంత టెన్షన్ తగ్గుతుందో ఊహించుకోవచ్చు.

అందుకే విప్పే పని మొదలయ్యే ముందు కిరసనాయిల్ డబ్బా పక్కన పెట్టి చిన్న సంచులు సిద్ధం చేసుకోవాలి. ఒక్కో జాయింటుకి ఒక్కో సంచి, లోపల బోల్టు, నట్టు, వాషరు ఉన్న వరసలోనే తీగకి గుచ్చి, మీద చీటీ: ఎక్కడిది, మర ఎంత, తల మీద ఏముంది, కింద ఎన్ని రంగు పొరలు. చీటీ పెన్సిల్‌తో రాయండి, పెన్ను సిరా నూనెకి చెదిరిపోతుంది. సంచి గుడ్డది కావాలి, ప్లాస్టిక్ కవరులో పెడితే మన వానాకాలానికి లోపల చెమ్మ పట్టి ఆరు నెలల్లో మార్కులు తుప్పు కింద మాయమైపోతాయి. బోల్టులకి పలచగా ఇంజిన్ ఆయిల్ రాసి, సంచులన్నీ నేలకి తగలకుండా చెక్క బల్ల మీదో, ఆ పైన అటక మీదో ఉంచితే బండి మళ్లీ బిగించే రోజుకి అవి చదవగలిగేలా మిగిలి ఉంటాయి.